చీరా పోయె, డబ్బూ పోయె: చార్జ్‌బ్యాక్‌లో తీర్పు చెప్పేదెవరు?

చీర అమెరికా చేరి రెండు నెలలు దాటి ఉంటుంది. కొన్నావిడ పండక్కి కట్టుకుని ఫొటో కూడా పెట్టి ఉంటుంది. అప్పుడొస్తుంది పేమెంట్ గేట్‌వే (మీ తరఫున ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) నుంచి మెయిలు: మీ ఫలానా పేమెంటు మీద డిస్ప్యూట్ నమోదైంది, ఫలానా తేదీలోగా ఆధారాలు పంపండి అని. కార్డిచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేసి ఆవిడ డబ్బు వెనక్కి అడిగిందన్నమాట, దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. కంగారుగా డాష్‌బోర్డు తెరిస్తే చాలాసార్లు సెటిల్‌మెంట్‌లోంచి, అంటే గేట్‌వే మీకు జమ చేయాల్సిన డబ్బులోంచి, ఆ సొమ్ము అప్పటికే కోసేసి ఉంటుంది.

పోచంపల్లి, గద్వాల, ఉప్పాడ చీరలో, గుంటూరు పచ్చళ్ళో, ఆత్రేయపురం పూతరేకులో విదేశాల్లోని మనవాళ్ళకు పంపే చిన్న అమ్మకందార్లకు ఇదంతా తెలిసిన బాధే. ఒక్క ఆర్డరు లెక్క వేసి చూడండి. చీర 9,500, కొరియర్ 2,300, మొత్తం 11,800 రూపాయలు. అంతర్జాతీయ కార్డుకి గేట్‌వే 3 శాతం తీసుకుంటుందనుకుంటే 354, దాని మీద 18 శాతం జీఎస్టీ 64. డిస్ప్యూట్ ఓడితే 11,800 మొత్తం వెనక్కి పోతుంది. గేట్‌వే ఫీజు మామూలుగా తిరిగి రాదు. పైన డిస్ప్యూట్ ఫీజు వేరు. నేతకారుడికి డబ్బు ఎప్పుడో ఇచ్చేశారు, కొరియర్ వాడికీ ఇచ్చేశారు. చీర మాత్రం డాలస్‌లో బీరువాలో ఉంది.

ఇక్కడ అందరూ గేట్‌వేని తిడతారు. గేట్‌వే ఇందులో దాదాపు పోస్ట్‌మ్యాన్. మీరిచ్చిన కాగితాలు మీ వైపు బ్యాంకుకు, అక్కణ్ణుంచి వీసా లేదా మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్ ద్వారా కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తాయి. ఆ కాగితాలు చూసి ఒప్పుకోవాలా వద్దా అని మొదట తేల్చేది ఆ బ్యాంకే. అంటే ఫిర్యాదు చేసినావిడకు కార్డిచ్చి, ఆవిణ్ణి ఖాతాదారుగా నిలుపుకోవాలనుకునే బ్యాంకే. అన్యాయమంతా ఈ ఒక్క చోటే ఉంది. ఆ బ్యాంకు ఒప్పుకోకపోతే ప్రీ ఆర్బిట్రేషన్ (రెండు బ్యాంకుల మధ్య ఇంకో విడత వాదన), దాని తర్వాత ఆర్బిట్రేషన్ ఉన్నాయి. ఆర్బిట్రేషన్‌లో నెట్‌వర్క్ నేరుగా తీర్పు చెప్తుంది గానీ, ఓడినవాళ్ళు వందల డాలర్ల ఫీజు కట్టాలి. పదకొండు వేల చీర కోసం అంతదాకా ఎవరు వెళ్తారు? మీరు వెళ్ళరని అవతలి బ్యాంకుకీ తెలుసు.

ఈ ఏర్పాటు కొనుగోలుదారుణ్ణి కాపాడటానికే పుట్టింది. అమెరికాలో 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్ క్రెడిట్ కార్డు బిల్లులోని తప్పుల మీద వివాదం లేవనెత్తే హక్కు ఇచ్చింది. అప్పటికది అవసరమైన చట్టమే. దాని మీద కార్డు నెట్‌వర్కులు కట్టుకున్న నిబంధనలే ఇవాళ మన మెడకు చుట్టుకుంటున్నాయి. ఆ నిబంధనల ప్రకారం కాగితం చూసే ఉద్యోగి 'నిజంగా ఏం జరిగింది' అని అడగడు. డిస్ప్యూట్‌కి ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌కి పనికొచ్చే కాగితం ఉందా లేదా, అంతే. మీ నిజాయితీ, పదేళ్ళ పేరు, వెయ్యి మంచి రివ్యూలు అతని టేబుల్ మీదకు రావు.

కాబట్టి మెయిలు రాగానే మొదట చూడాల్సింది ఆ కోడ్. వీసాలో మనకు ఎక్కువగా తగిలేవి నాలుగు: 13.1 అంటే సరుకు అందలేదు, 13.3 అంటే చెప్పినట్టు లేదు లేదా పాడైంది, 13.7 అంటే రద్దు చేసుకున్నా డబ్బు ఇవ్వలేదు, 10.4 అంటే అసలు ఈ కొనుగోలు నేను చేయలేదు. మాస్టర్‌కార్డ్‌లో మొదటి మూడు రకాలూ 4853 కిందకే వస్తాయి, 'నేను చేయలేదు' అన్నది 4837. 13.1కి ఫ్యాబ్రిక్ క్వాలిటీ గురించి రెండు పేజీలు రాసి పంపేవాళ్ళు బోలెడంత మంది. అడిగింది 'అందిందా' అని. దానికి చీర ఎంత బాగుందో చెప్తే ఏం లాభం.

గడువు సంగతి. కొనుగోలుదారుకి మామూలుగా 120 రోజులుంటాయి. 'అందలేదు' అనే కేసులో ఆ లెక్క మీరు ఇస్తానన్న డెలివరీ తేదీ నుంచి కూడా మొదలవుతుంది. మగ్గం మీద నేయించి ఇచ్చే చీరకు 'వారంలో పంపిస్తాం అండీ' అని వాట్సాప్‌లో అనేసి, నెల తర్వాత పంపితే, ఆ వారం మాటే మీ మీద ఆధారం అవుతుంది. నిజంగా పట్టే రోజులకు ఇంకో పది కలిపి రాయండి. మీకేమో గేట్‌వే ఇచ్చేది తరచుగా వారం, పది రోజులు. కాగితాలు నాలుగు చేతులు మారాలి కాబట్టి ప్రతి చేయీ తన రోజులు ముందే మిగుల్చుకుంటుంది. చివరి రోజు రాత్రి పదకొండింటికి అప్‌లోడ్ చేయడం కన్నా పెద్ద ప్రమాదం లేదు. గడువు దాటితే కేసు దానంతటదే ఓడిపోయినట్టే.

ఎక్కువగా వచ్చే 13.1నే దగ్గరగా చూద్దాం. చాలామంది పంపేది ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్, 'డెలివర్డ్' అని. అందులో ఊరి పేరు, పిన్ కోడ్ తప్ప ఇంకేమీ ఉండవు. ఆ ఊళ్ళో లక్షమంది ఉంటారు. కావాల్సింది చిరునామాతో సహా డెలివరీ అయినట్టు కొరియర్ ఇచ్చే పీఓడీ (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) పత్రం. మీరు అడిగితే కొరియర్ కంపెనీ మెయిల్ చేస్తుంది, అడగకపోతే చేయదు. డిస్ప్యూట్ వచ్చాక అడుగుదాంలే అనుకుంటే కష్టం, కొన్ని నెలలకు ట్రాకింగ్ పేజీలో వివరాలే కనిపించవు. డెలివరీ అయిన రోజే పీడీఎఫ్ తీసి, ఆర్డరు నంబరు పేరుతో ఫోల్డర్‌లో పడేయండి. అపార్ట్‌మెంట్లలో 'లీజింగ్ ఆఫీసులో ఇచ్చాం' అని వచ్చిందంటే అది బలహీనమైన ఆధారం. పది వేలు దాటిన ఏ పార్సిల్‌కైనా సంతకం ఉండే డెలివరీ తీసుకోవడం మంచిది. ఆ అదనపు ఖర్చు ఓడిన ఒక్క డిస్ప్యూట్ ముందు ఏపాటిది.

పేర్లతో మనకే ఉండే ఒక చిక్కు కూడా ఉంది. కార్డు మీద భర్త పేరు, ఆర్డరులో భార్య పుట్టింటి ఇంటిపేరు, పార్సిల్ తీసుకున్నది పిల్లల్ని చూసుకోవడానికి వెళ్ళిన అత్తగారు. మూడు పేర్లూ ఒకే ఇంటివని మనకు తెలుస్తుంది. అవతలి ఉద్యోగికి ముగ్గురూ అపరిచితులే. ఆర్డరు తీసుకునేటప్పుడే కార్డు ఎవరి పేరు మీద ఉందో, సరుకు ఎవరు తీసుకుంటారో ఒక్క మెసేజ్‌లో రాయించుకోండి. అమెరికా కార్డులకు బిల్లింగ్ చిరునామా సరిపోలిందో లేదో చెప్పే ఏవీఎస్ ఫలితం మీ గేట్‌వే డాష్‌బోర్డులో ఉంటే దాన్నీ భద్రపరచండి. చిరునామా సరిపోలి, అదే చిరునామాలో డెలివరీ అయితే కేసు బాగా గట్టిపడుతుంది.

ఇక ఆధారాల పీడీఎఫ్. ఒకటే ఫైలు, ఐదారు పేజీలు, చిన్న సైజు. మొదటి పేజీలో ఇంగ్లీషులో తేదీల వరుస మాత్రమే ఉండాలి. సారం ఇలా ఉంటే చాలు:

ఆగస్టు 4: ఆర్డరు, 11,800 రూపాయలు, చిరునామా ఇది (పేజీ 2)
ఆగస్టు 7: కొరియర్‌కి అప్పగింత, ఏడబ్ల్యూబీ (కొరియర్ రసీదు) నంబరు, బరువు 1.1 కిలో (పేజీ 3)
ఆగస్టు 14: అదే చిరునామాలో డెలివరీ, సంతకంతో (పేజీ 4)
ఆగస్టు 15: అందిందని కొనుగోలుదారు మెసేజ్ (పేజీ 5)
అక్టోబరు 20: డిస్ప్యూట్. ఈ మధ్యలో ఎలాంటి ఫిర్యాదూ రాలేదు.

తేదీలో నెల పేరు అక్షరాల్లోనే రాయండి. మనం 04/08 అని రాస్తే అమెరికాలో చదివేవాళ్ళకు అది ఏప్రిల్ 8. ఆర్డరు పెట్టకముందే సరుకు పంపినట్టు కనిపించే తమాషాలు ఇక్కడే పుడతాయి. మీ డాష్‌బోర్డు టైము భారత కాలమానం, డెలివరీ టైము అక్కడిది. ఏది ఏదో పక్కనే రాయాలి.

ప్యాకింగ్ వీడియో తీశాం కదా అంటారు. మామూలుగా వీడియోలు తీసుకోరు, లింకులు తెరవరు, ఆడియో వినరు. వీడియోలోంచి మూడు నిశ్చల చిత్రాలు తీయండి: పెట్టెలో చీర, తూకం మీద పెట్టె, లేబుల్ అంటించిన పెట్టె. ఇంకొకటి: మీ పీడీఎఫ్ దారిలో ఎక్కడో నలుపు తెలుపుగా మారిపోవచ్చు. పసుపు హైలైటర్ కొట్టిన వాక్యం బూడిద రంగు మరకై కూర్చుంటుంది. హైలైటర్ బదులు చుట్టూ గీత గీసి, బాణం వేయండి. చీర రంగు మీద వచ్చిన గొడవను నలుపు తెలుపు కాగితం మీద తేల్చే వ్యవస్థ ఇది, నవ్వాలో ఏడవాలో తెలీదు. అందుకే రంగు పేరు అక్షరాల్లో, 'రామా గ్రీన్ ఒళ్ళు, మెరూన్ అంచు' అని బిల్లు మీదే ఉండాలి.

బరువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 'పెట్టె ఖాళీగా వచ్చింది', 'ఒక జాడీ తక్కువొచ్చింది' అన్నప్పుడు మీ ఫొటోల కన్నా విలువైనది కొరియర్ తూచి ఏడబ్ల్యూబీ మీద వేసిన అసలు బరువు. అది మీ మాట కాదు, మూడో మనిషి మాట. కానీ బిల్లులో చాలాసార్లు కనిపించేది ఘనపరిమాణపు బరువు, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించినది. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టె ఖాళీగా ఉన్నా 4.8 కిలోలు చూపిస్తుంది. అసలు బరువు వేరే గడిలో రాయమని బుకింగ్ కౌంటర్‌లోనే అడగండి.

ఇప్పుడు నొప్పెట్టే విషయం. అక్కడ సుంకం పడకూడదని కస్టమ్స్ ఫారం మీద 'గిఫ్ట్, విలువ 1,500' అని రాసే అలవాటు మనవాళ్ళలో బాగా ఉంది. కొనేవాళ్ళే అడుగుతారు, 'తక్కువ వేసి రాయండి' అని. చట్టరీత్యా తప్పన్నది ఒకటి. డిస్ప్యూట్ వచ్చినప్పుడు ఆ ఫారమే మీ ఆధారం అవడం రెండోది. 11,800 అమ్మకానికి రుజువుగా 1,500 గిఫ్ట్ కాగితం పంపితే ఏ బ్యాంకు నమ్ముతుంది? ఆ కాగితం చేతిలో ఉన్నావిడకు మీరు నోరెత్తలేరని తెలుసు.

పైగా సుంకం గొడవ ఇప్పుడు ఇంకా పెరిగింది. 800 డాలర్ల లోపు సరుకుకు అమెరికా ఇస్తున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అక్కడికి చాలా రకాల పార్సిళ్ళు తీసుకోవడం మానేసి, అక్టోబరు 15న సుంకం ముందే కట్టించుకునే పద్ధతిలో మళ్ళీ మొదలుపెట్టింది. ప్రైవేటు కొరియర్‌లో సుంకం గ్రహీత కట్టే పద్ధతిలో పంపితే, గుమ్మం దగ్గర బిల్లు చూసి 'నాకొద్దు' అంటారు. పార్సిల్ గోదాంలో పడి ఉంటుంది. డిస్ప్యూట్ మాత్రం 'అందలేదు' అని వస్తుంది. కొనుగోలుదారు దేశపు కస్టమ్స్ ఆపి ఉంచిన సరుకు మీద 13.1 చెల్లదని వీసా నిబంధనల్లో ఉంది. కానీ ఆ మాట మీరే ఎత్తి, కొరియర్ స్టేటస్ పత్రం జత చేయాలి. మీ తరఫున ఎవరూ గుర్తు చేయరు. దానికన్నా డీడీపీలో, అంటే సుంకం పంపేవాళ్ళే కట్టే పద్ధతిలో పంపి, సుంకం ధరలోనే కలిపేయడం సుఖం.

వాట్సాప్, ఇన్‌స్టాలో ఆర్డర్లు తీసుకుని పేమెంట్ లింకు పంపేవాళ్ళకు భాష ఇంకో గండం. 'అందిందండీ, పచ్చడి అదిరింది, అమ్మ చేసినట్టే ఉంది' అని కొన్నావిడ పంపిన మెసేజ్ కన్నా మంచి ఆధారం ఉండదు. కానీ అది తెలుగులోనో, ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనో ఉంటుంది. అనువాదం జత చేయకపోతే అది లేనట్టే. స్క్రీన్‌షాట్ కింద వాక్యానికి వాక్యం ఇంగ్లీషులో రాయండి. ఫోన్ నంబరు, తేదీ కనిపించాలి. పేరుతో సేవ్ చేసుకున్న కాంటాక్ట్ అయితే నంబరు కనిపించదు, కాంటాక్ట్ వివరాల పేజీ కూడా తీయండి. ఆ నంబరే ఆర్డరు బిల్లులో ఉండాలి. వాయిస్ మెసేజ్‌లో 'ఓకే అండీ' అన్నా లెక్కలోకి రాదు. ఆవిడ వాయిస్ పంపితే మీరు దాన్నే అక్షరాల్లో తిరిగి పంపి, 'ఇంతేనా అండీ?' అని అడగండి. 'అవును' అని టైప్ చేయించుకుంటే పని అయిపోయింది.

13.3లో పచ్చళ్ళ వాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు. మూత వదులై నూనె కారిందంటే కారినట్టే, అక్కడ వాదించేది తక్కువ. మూత కింద ఇండక్షన్ సీల్ (వేడితో అంటించే రేకు), దాని మీద మూత, మొత్తం వ్యాక్యూమ్ పౌచ్‌లో వేస్తే ఆ తగాదాలే తగ్గుతాయి. చీరల్లో మాత్రం వాదించొచ్చు. వీసా నిబంధన ప్రకారం 13.3 వేసే ముందు కొనుగోలుదారు అమ్మకందారుతో మాట్లాడే ప్రయత్నం చేసి ఉండాలి, సరుకు తిరిగి పంపాలి, లేదా పంపడానికి ప్రయత్నించి ఉండాలి. చీర దగ్గరే పెట్టుకుని డబ్బు అడగడం ఆ నిబంధనకు సరిపడదు. 'ఈ చిరునామాకు తిరిగి పంపండి' అని మీరు రాతపూర్వకంగా అడిగి, ఆవిడ పంపకపోతే అదే మీ ఆధారం. చాలామంది కోపంలో 'రిటర్న్ తీసుకోం' అని రాసేస్తారు. ఆ ఒక్క వాక్యం 'నేను ప్రయత్నించాను, వాళ్ళే వద్దన్నారు' అనడానికి ఆవిడ చేతికి దొరికిపోతుంది.

రిటర్న్ లేదు, క్యాన్సిల్ లేదు అన్న షరతు వెబ్‌సైట్ అడుగున లింకుగా ఉంటే 13.7లో నిలబడదు. డబ్బు కట్టే బటన్ దగ్గరే కనిపించాలి, లేదా టిక్ పెట్టించుకోవాలి. పేమెంట్ లింకు అయితే వివరణ గడిలో రాయండి.

'నేను చేయలేదు' అన్న 10.4 వేరే ఆట. ఓటీపీ లాంటి త్రీడీ సెక్యూర్ దాటి వచ్చిన పేమెంటైతే బాధ్యత సాధారణంగా కార్డిచ్చిన బ్యాంకు మీదకు మారుతుంది. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు 2009 ఆగస్టు నుంచి రెండో ధ్రువీకరణ తప్పనిసరి కాబట్టి ఇక్కడి కార్డులతో ఈ గొడవ తక్కువ. విదేశీ కార్డులు ఓటీపీ లేకుండానే వెళ్ళిపోతుంటాయి. గేట్‌వేలో విదేశీ కార్డులకూ త్రీడీ సెక్యూర్ అడిగే అవకాశం ఉంటే ఆన్ చేయించండి. పాత కస్టమరే అయితే వీసా 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కంపెల్లింగ్ ఎవిడెన్స్ 3.0 అనే నిబంధన ఉంది. అదే కార్డుతో 120 నుంచి 365 రోజుల క్రితం జరిగి, గొడవ లేని రెండు కొనుగోళ్ళు చూపాలి. వాటికీ ఇప్పటిదానికీ లాగిన్, డెలివరీ చిరునామా, ఐపీ అడ్రసు, డివైస్ గుర్తుల్లో కనీసం రెండు కలవాలి, ఆ రెండింట్లో ఒకటి ఐపీ గానీ డివైస్ గానీ అయి తీరాలి. వాట్సాప్ ఆర్డర్లలో ఐపీ మీ దగ్గర ఉండదు. సొంత వెబ్‌సైట్ పెట్టుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

10.4లో కొన్ని మోసాలు కావు, మరుపే. ఇన్‌స్టాలో మీ పేజీకి అమ్మవారి పేరు, కార్డు స్టేట్‌మెంట్‌లో ప్రొప్రైటర్ ఇనీషియల్స్. బిల్లు చూసిన భర్త 'ఇదెవరో' అని బ్యాంకుకి ఫోన్ కొడతాడు. స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు మార్చమని గేట్‌వేని అడగొచ్చు. ఇరవై చిల్లర అక్షరాలకే చోటుంటుంది, పేజీ పేరే పెట్టండి.

పేపాల్‌లో కొంత తేడా. అక్కడే ఫిర్యాదు వేస్తే తీర్పు పేపాల్‌దే, గడువు 180 రోజులు. 750 డాలర్లు, ఆపైన అయితే సంతకం రుజువు అడుగుతారు. లావాదేవీ పేజీలో ఉన్న చిరునామాకే పంపి ఉండాలి. 'మా చెల్లెలి ఇంటికి పంపండి' అని చాట్‌లో మార్పిస్తే రక్షణ పోయినట్టే. అమ్మకందారుకు పేపాల్ ఇచ్చే రక్షణ 'సరుకు అందలేదు' అన్నదానికీ, అనుమతి లేని చెల్లింపుకీ మాత్రమే, 'చెప్పినట్టు లేదు' అన్నదానికి కాదు. కొన్నావిడ పేపాల్‌ని వదిలేసి కార్డు బ్యాంకుకే వెళ్తే మళ్ళీ పాత కథ.

రెండు తప్పులు మాత్రం ఎవరూ చేయొద్దు. డిస్ప్యూట్ తెరుచుకున్నాక జాలిపడి విడిగా రీఫండ్ కొట్టారంటే రెండు సార్లు డబ్బు పోతుంది. ముందే రీఫండ్ చేసి ఉంటే దాని ఏఆర్ఎన్, అంటే ఆ రీఫండ్‌ని బ్యాంకులు గుర్తుపట్టే 23 అంకెల నంబరు, పంపితే సరిపోతుంది. రెండోది, 'సారీ అండీ, వెనక్కి తీసుకుంటా' అన్న కొనుగోలుదారు మాట నమ్మి ఊరుకోవడం. తీసుకున్నట్టు ఆవిడ బ్యాంకు ఇచ్చిన ఉత్తరం తెప్పించుకుని, దాంతో పాటు మీ ఆధారాలు కూడా గడువులోపు పంపండి. జవాబు ఇవ్వకపోతే వెనక్కి తీసుకున్న కేసు కూడా ఓడొచ్చు.

అన్నిటికీ పోరాడాలా అంటే, వద్దు. పీఓడీ లేదు, 1,200 రూపాయల పచ్చడి, సంతకం లేదు: ఒప్పేసుకోండి, సాయంత్రం మిగులుతుంది. గెలిచినా ఆ డిస్ప్యూట్ మీ ఖాతా లెక్కలో పడే ఉంటుంది. వాటి సంఖ్య పెరిగితే గేట్‌వే సెటిల్‌మెంట్లు ఆపుతుంది, మీ డబ్బులో కొంత రిజర్వ్‌గా పట్టుకుంటుంది. అందుకే కేసు పడకముందే ఫోన్ చేసి సర్దుకోవడం చౌక.

ఆధారాలు గడువులోపే ఇచ్చినా గేట్‌వే ముందుకు పంపలేదని అనుమానముంటే, 'మా ప్రతి ఏ తేదీన బ్యాంకుకు సమర్పించారు, ఓటమికి బ్యాంకు రాసిన కారణం ఏమిటి' అని రెండే ప్రశ్నలు మెయిల్ చేయండి. చాట్ సపోర్ట్‌లో కాదు. పేమెంట్ అగ్రిగేటర్లు (మనం గేట్‌వే అంటున్న కంపెనీలు) ఫిర్యాదుల కోసం నోడల్ అధికారిని పెట్టి, వివరాలు బయటపెట్టాలని రిజర్వు బ్యాంకు 2020 మార్చి మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఆ పేరు వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. షిప్పింగ్ బిల్లుతో (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) ఎగుమతి చేసిన సరుకైతే ఇంకో పని మిగిలి ఉంటుంది. డబ్బు వెనక్కి పోయింది కాబట్టి బ్యాంకు ఈడీపీఎంఎస్‌లో (ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ) ఆ బిల్లు రాబడి లేకుండా తెరిచే ఉంటుంది. డిస్ప్యూట్ ఓడిన పత్రం తీసుకుని బ్రాంచికి వెళ్ళి ఎలా మూయాలో ఆ వారమే అడగండి. ఏడాది చివర ఆడిటర్ అడిగేదాకా ఆగితే ఆ మెయిలు దొరకదు.